కొండ ఉప్పు బిస్కెట్లు

మా అమ్మాయి ఈ మధ్య పాలూ వెన్నా గుడ్డూ లేకుండా బిస్కెట్లు చేసి, వాటిని వీగన్ కుకీలు అంటూ నా చేతిలో పెట్టింది. కాస్త తీపి, కాస్త ఉప్పు. అదేదో ప్రపంచంలో తనే మొదటిసారి కనిపెట్టినట్టు మురిసిపోయింది. కొరికి, బాగుందన్నాను. మిగతా ముక్క పక్కన పెట్టేశాను. ఇరవయ్యేళ్ళ కిందట అవే బిస్కెట్లు డబ్బాలో పెట్టుకుని తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి ఒడ్డుకి తొమ్మిది నెలలు తిరిగాను నేను. అప్పట్లో వాటికి పేరేమీ లేదు. తినే మనిషి ఒక్కరే, మా పెద్దమ్మ.

ముందు మా వైపు మాట తీరొకటి చెప్పాలి. ఎవరింటి నుంచి బయల్దేరినా మేం "వెళ్తాను" అనం, "వెళ్లొస్తాను" అంటాం. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట అనకూడదు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళు కాసేపు కూర్చుని, చెప్పాపెట్టకుండా లేచి, వెనక్కి చూడకుండా గుమ్మం దిగిపోవాలి. మళ్ళీ వస్తామంటే ఆ ఇంటికి మళ్ళీ చావు రావాలని కోరుకున్నట్టట. మూడు తరాలుగా చర్చికి వెళ్తున్న మా ఇళ్ళల్లోనూ ఇది పోలేదు. ప్రార్థన చేసిన పాస్టరుగారు కూడా బైబిలు చంకలో పెట్టుకుని చెప్పకుండానే వెళ్ళిపోతారు.

మా పెదనాన్నగారు హైస్కూల్లో సోషల్ మేస్టారుగా చేసి రిటైరయ్యారు. కైకలూరు దగ్గర, కొల్లేటికి ఆనుకుని ఉన్న ఊళ్ళో ఇల్లు, ఒక చేపల చెరువులో చిన్న వాటా. పిల్లలు లేరు. ఆ ఏడాది వానలకి కొల్లేరు పొంగి ఉన్నప్పుడు, ఒక పొద్దున్న, చెరువు గట్టు ఎలా ఉందో చూసొస్తానని దోనె ఎక్కారు. తాటిమొద్దుని తొలిచి చేసే చిన్న పడవ అది. గుమ్మంలో చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో, గొడుగు పట్టుకుని "వెళ్లొస్తాను" అన్నారట. సాయంత్రానికి గుర్రపుడెక్క మొక్కల్లో చిక్కుకుని దోనె దొరికింది. దాంట్లో గొడుగుంది. ఆయన లేరు. నాలుగు రోజులు వలలు వేసి వెతికారు గానీ, ఏమీ దొరకలేదు.

"వెళ్లొస్తానన్నారు కదమ్మా, వస్తారు," అన్నారు పెద్దమ్మ. ఏడవలేదు. చర్చివాళ్ళు పోయినవాళ్ళ పేరున చేసే ఆదరణ కూడిక పెడతామంటే, ఎవరికండీ అని అడిగారు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆచారం ప్రకారం చెప్పకుండా లేచి వెళ్ళబోతే, ఆవిడ గుమ్మం దాకా వెంట వెళ్ళేవారు. "వెళ్లొస్తానని చెప్పి వెళ్ళండీ," అనేవారు. కొందరు ఎటో చూస్తూ గొణిగేవారు. కొందరు పారిపోయేవారు. చెప్పకుండా వెళ్ళినవాళ్ళకి రెండోసారి తలుపు తీయలేదు. సొంత చెల్లెలు, మా అమ్మ, ఏలూరు నుంచి ఏడుస్తూ వచ్చి, ఏడుస్తూ అలవాటు చొప్పున మాట లేకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత అమ్మకి కిటికీలోంచే మాటలు.

నేను చెప్పాను. మొదటిసారే, గట్టిగా, "వెళ్లొస్తానండీ పెద్దమ్మా" అన్నాను. గొప్ప మనసుండి కాదు. నాకు మొదటినుంచీ తలబిరుసు, నలుగురూ చెయ్యకూడదన్నది చేస్తే గానీ తోచదు. అలా ఆ ఇంటి గుమ్మం లోపలికి వెళ్ళగలిగిన బంధువుని నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ గుమ్మం పక్కన అరుగు మీద పెదనాన్నగారి చెప్పులుండేవి. ఆయన విడిచినప్పుడు బయటికి తిరిగి ఉన్నవాటిని, లోపలికి వచ్చే మనిషి విడిచినట్టుగా, ముందువైపు ఇంట్లోకి ఉండేలా ఆవిడ తిప్పి పెట్టారు. ఎప్పుడు చూసినా తడిగా ఉండేవి. మొదటిసారి చూసి, ఈ తడేమిటని అడిగాను. "దుమ్ము పడుతుందని కడుగుతానమ్మా," అన్నారు పెద్దమ్మ. సరేననుకున్నాను. ఆవిడ మూడు రోజులు జ్వరంతో మంచం దిగనప్పుడు వెళ్తే కూడా అవి తడిగానే ఉన్నాయి. పక్కింటివాళ్ళెవరో కడిగి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. పక్కింటివాళ్ళని మాత్రం అడగలేదు.

ఆవిడ తిండి సంగతి నెమ్మదిగా తెలిసింది. ముందు చేప మానేశారు. చేపలేనిదే ముద్ద దిగని ఊళ్ళో అదొక వింత. తర్వాత గుడ్డు, ఆ తర్వాత పాలు, పెరుగు, నెయ్యి. ఆయన వచ్చేదాకా ముట్టనని మొక్కుకున్నానన్నారు. మొక్కులు మన మతంలో ఎక్కడివని అమ్మ కిటికీలోంచి దెబ్బలాడింది. జంగారెడ్డిగూడెం వైపు పండిన బియ్యం పంపించమని మాత్రం ఆవిడ అమ్మని అడిగారు. "డెల్టాలో పుట్టి మెట్ట బియ్యం అడుగుతోందే మీ పెద్దమ్మ, మతిపోయినట్టుంది," అంది అమ్మ నాతో ఫోన్లో. తాగే నీళ్ళు కూడా ఏలూరు నుంచి ఆటోలో వచ్చే టిన్నువే. అన్నంలో ఉప్పు వేసుకోవడం కూడా మానేశారని మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఒకరోజు పెరట్లో పడిపోయారు.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరుగారు రక్తం చూసి, ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందన్నారు. "ఉప్పు తినకపోతే ఈసారి పడ్డప్పుడు లేవరండీ. మాత్రలిచ్చినా ఉప్పే, సెలైన్ పెట్టినా ఉప్పే. ఏదో విధంగా లోపలికి వెళ్ళాలి." సెలైన్ ఎక్కుతుండగా పెద్దమ్మకి మెలకువ వచ్చింది. పైకి చూసి, ఆ సీసాలో ఏముందని నర్సుని అడిగారు. ఉప్పునీళ్ళేనండీ అంది ఆ పిల్ల. పెద్దమ్మ సూది పీకేసుకున్నారు. దుప్పటి మీద రక్తం పడింది.

ఆ రోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నీ మాటొక్కటే వింటుంది. ఎలాగోలా దాని చేత ఉప్పు తినిపించవే. నాకున్నది ఒక్క అక్క," అంది. తినిపిస్తానన్నాను. ఎలాగో నాకేం తెలుసు.

నా దగ్గరున్నదల్లా ఒక గుండ్రటి కరెంటు ఓవెన్, మూతకి అద్దం ఉండేది. మా తాడేపల్లిగూడెంలో అప్పుడప్పుడే ఆడవాళ్ళు కేకులు నేర్చుకుంటున్న రోజులు. మా ఆయన కొనిచ్చారు, నేను రెండు మూడు కేకులు మాడ్చి పక్కన పెట్టాను. దాన్ని చూస్తుంటే పెదనాన్నగారి బిస్కెట్లు గుర్తొచ్చాయి. ఏలూరులో బేకరీకి వెళ్తే ఆయన ఉప్పు బిస్కెట్లు ఒక పొట్లం, తీపివి ఒక పొట్లం కొనేవారు. ఒకదాని మీద ఒకటి పెట్టి రెండూ కలిపి కొరికేవారు. "సగం సగం తింటే సగం మనిషివే అవుతావే," అనేవారు నాతో. ఆ రెండు రుచులూ ఒకే బిస్కెట్లో పెడితే, ఆయన పేరు మీదైనా ఆవిడ తింటారనుకున్నాను.

మొదటి డబ్బా వెన్నతో చేశాను. ఆవిడ వాసన చూసి మూత పెట్టేశారు. రెండోసారి మైదా, పంచదార, వేరుశనగ నూనె, వాము, నువ్వులు, తగినంత ఉప్పు. పాలకి బదులు నీళ్ళతో తడిపాను. పిండి చేతిలో విరిగిపోతుంటే తిట్టుకుంటూ గ్లాసు అంచుతో బిళ్ళలు కోశాను. అంచులు ఎర్రబడ్డాక తీసి చల్లారనిచ్చాను. చక్కగా కరకరలాడాయి.

పెద్దమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే అడిగారు. నూనె ఎక్కడిదమ్మా అంటే మెట్ట వేరుశనగదండీ అన్నాను. నువ్వులో అంటే అవీ మెట్టవేనన్నాను. నీళ్ళు గూడెంవి, గోదారి కాలువవి అన్నాను. ఎగువ నీళ్ళే కదా అని తల ఊపారు.

"ఉప్పో?"

"కొట్లోదండీ."

"కొట్లోకి ఎక్కడ్నుంచి వచ్చింది?"

"సముద్రం నుంచేగా పెద్దమ్మా, ఉప్పు ఇంకెక్కడ్నుంచి వస్తుంది."

ఆవిడ బిస్కెట్టు మళ్ళీ డబ్బాలో పెట్టారు, ఇంకొకరి వస్తువు తిరిగి ఇచ్చినంత జాగ్రత్తగా. "వద్దులే తల్లీ," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే లేచి, పాసింజరెక్కి, బస్సెక్కి, ఆటోలో కుదుపులు తిని తెచ్చాను. కోపం మింగుకుని, వెళ్లొస్తానని చెప్పి, విసురుగా బయటపడ్డాను.

కైకలూరు నుంచి ఏలూరు బస్సు కొల్లేటి మధ్యలోంచి వెళ్తుంది. నాలుగు గంటల ఎండ. కిటికీ పక్కన కూర్చుని లోపల్లోపల ఆవిడతో దెబ్బలాడుతున్నాను. రోడ్డు దిగువన గేదెలు మెడ లోతు నీళ్ళలో నిలబడి, నీటిగడ్డి నములుతున్నాయి. కాస్త ముందుకు వెళ్తే బాతుల మంద, వందల కొద్దీ, ముక్కులు బురదలో పెట్టి తింటున్నాయి. ఆ వెనక చేపల చెరువులు. చేప, బాతుగుడ్డు, గేదెపాలు అని వరసగా నా మనసులోకి వచ్చాయి. ఆ వెంటనే పెదనాన్నగారి గొంతు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పలక మీద గీతలు గీస్తూ చెప్పిన పాఠం. "కొల్లేట్లో పడ్డ ప్రతి చుక్కా ఉప్పుటేట్లోంచి వెళ్ళి సముద్రంలో కలవాల్సిందేనే. ఇంకో దారి లేదు దానికి."

పట్టపగలు, నిండు బస్సులో, అసలు సంగతి నాకు అప్పుడు తట్టింది. మొక్కూ లేదు, మతిపోవడమూ లేదు. ఆయన దేంట్లో కలిశారో, దాన్ని తిని బతికేదేదీ ఆవిడ నోట్లో పెట్టుకోవడం లేదు. చేప లేదు, చేపతో పాటు ఆ నీళ్ళు తాగి పెరిగినదేదీ లేదు, ఆ నీళ్ళు చివరికి చేరే సముద్రంలో పుట్టిన ఉప్పూ లేదు. వస్తారు వస్తారని గుమ్మం వైపు చూసే మనిషికి, ఆయన ఎక్కడున్నారో మా అందరికంటే బాగా తెలుసు. ఆ రోజు మా ఆయన కొరమీను తెచ్చారు. నేను దాన్ని పక్కింటావిడకి ఇచ్చేశాను.

ఇది అమ్మకి చెప్పలేదు. చెబితే ఇంక అమ్మ కూడా చేప ముట్టలేకపోయేది.

ఏలూరులో ఆయుర్వేద మందుల కొట్లో సైంధవ లవణం దొరుకుతుంది. లేత గులాబీ రంగు రాళ్ళు, కొండల్లోంచి తవ్వి తీస్తారు. అది కొని, రోట్లో దంచి, అదే పిండిలో కలిపాను. పొంగడానికి చిటికెడు వేసినదాన్ని వంటసోడా అన్నాను గానీ, సోడా ఉప్పు అనే మాట నోట్లోంచి రానివ్వలేదు. "ఇది కొండ ఉప్పండీ పెద్దమ్మా. ఎక్కడో ఉత్తరాన, కొండలోపల పుడుతుంది."

"అంత ఎత్తుకి నీళ్ళెక్కలేవు కదా?" అన్నారు ఆవిడ నన్నే చూస్తూ.

"ఎక్కలేవండీ."

ఆవిడ తిన్నారు. ఒకటి పూర్తిగా, ఇంకో సగం. నేను వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి వచ్చాను.

అప్పట్నుంచి పది రోజులకోసారి ఒక డబ్బా. ప్రతిసారీ అవే ప్రశ్నలు, అదే వరసలో, చివర ఉప్పు. ఆవిడ రోజుకి నాలుగు తినేవారు. సాసర్లో ఒకటి పెట్టి అరుగు మీద చెప్పుల పక్కన ఉంచేవారు. నేనున్న రోజుల్లో పొద్దుగూకేసరికి సాసరు ఖాళీగా కనబడేది. కాకులుంటాయి, ఉడతలుంటాయి. పొడి కూడా మిగలకుండా కాకి తింటుందా అన్నది నేను ఆలోచించదలుచుకోలేదు. పెద్దమ్మ ముఖంలో కాస్త రక్తం పట్టింది. ఆసుపత్రిలో డాక్టరుగారు మెచ్చుకున్నారు. అమ్మ కిటికీలోంచి నవ్వడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలోనే ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. పొక్లెయిన్లు వచ్చి ఒక్కో గట్టూ తవ్వేస్తుంటే ఊరంతా నెత్తి బాదుకుంది. పెదనాన్నగారి వాటా చెరువూ పోయింది. పెద్దమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని చూశారు. "మంచిదేనమ్మా. ఇన్నాళ్ళూ ఎటు తిరిగినా గట్టే అడ్డం. ఇప్పుడు దారిచ్చారు," అన్నారు. ఎవరికని నేను అడగలేదు. వానలు పడ్డాక నీళ్ళు నిజంగానే అడ్డూ ఆపూ లేకుండా వచ్చేశాయి. పెరటి మెట్లు నాలుగుంటే, రెండు మునిగాయి.

ఆ వానల్లోనే మందుల కొట్లో సైంధవ లవణం అయిపోయింది. సరుకు వారం తర్వాత వస్తుందండీ అన్నాడు కొట్టాయన. అదే రోజు అమ్మ ఫోను చేసింది. "డబ్బా ఖాళీ అయి నాలుగు రోజులైందటే. నిన్న గోడ పట్టుకుని తూలిపోయిందట. రేపు వెళ్ళవే, నీ కాళ్ళు పట్టుకుంటాను."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. పెద్దమ్మ మీద, ఆ నీళ్ళ మీద, పలక మీద గీతలు గీసి పాఠం చెప్పిన ఆయన మీద. వంటింట్లో జాడీ తీసి, గుప్పెడు సముద్రపు కళ్ళుప్పు రోట్లో వేసి దంచాను. ఉప్పు ఉప్పే, లోపలికి వెళ్తే చాలన్నారుగా డాక్టరుగారు. మధ్యలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి బిస్కెట్లు ఒకవైపు ఎర్రగా, ఒకవైపు పాలిపోయి ఉన్నాయి. అలాగే డబ్బాలో పెట్టాను.

దారంతా అబద్ధం వల్లించుకుంటూ వెళ్ళాను. కొండ ఉప్పండీ, కొండలోపల పుడుతుందండీ. బస్సు నీళ్ళలో మెల్లగా వెళ్ళింది. రోడ్డెక్కడో, కొల్లేరెక్కడో తెలియకుండా రెండువైపులా ఒకే బూడిద రంగు. ఇల్లు చేరేసరికి పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. నీళ్ళు మూడో మెట్టు మీదున్నాయి.

డబ్బా మూత తీసి, ఈసారి ఆవిడకి బదులు నేనే ఒకటి ఆయన సాసర్లో పెట్టి అరుగు మీద ఉంచి వచ్చాను. పెద్దమ్మ ఒకటి అందుకున్నారు. నేను ప్రశ్నల కోసం కాచుకుని ఉన్నాను. నూనె ఎక్కడిదని అడగలేదు. నీళ్ళెక్కడివని అడగలేదు. ఉప్పు గురించీ అడగలేదు. కొరికారు.

నమలడం ఆగిపోయింది. ఆవిడ కళ్ళు నా మీద లేవు, తీసి ఉన్న పెరటి తలుపు మీదున్నాయి. ఉమ్మేస్తారనుకున్నాను. మళ్ళీ నమలడం మొదలుపెట్టారు, చాలా నెమ్మదిగా, ఏ కొంచెమూ వదలకుండా. మింగారు. ఇంకొకటి తీసుకున్నారు. ఆ తర్వాత అరుగు మీదికి వెళ్ళి, నేను అప్పుడే సాసర్లో పెట్టిన ఆయన బిస్కెట్టు తెచ్చుకుని, అది కూడా తిన్నారు. అన్నాళ్ళలో ఆయన వాటా ఆవిడ తినడం నేను చూడలేదు.

"వచ్చారమ్మా," అన్నారు.

నేను గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. పెరటి వైపు చూసే ధైర్యం లేకపోయింది. నీళ్ళు మెట్టుకి తగిలే చప్పుడు మాత్రం వినబడుతోంది.

"పెద్దమ్మా, ఆ ఉప్పు..."

"తెలుసమ్మా. నాలిక మీద పెట్టుకోగానే తెలిసింది." అరచేతిలో మిగిలిన పొడిని చూసుకుని, దాన్ని కూడా నాలికతో అద్దుకున్నారు. "ఉప్పుటేరు దాటి, సముద్రం దాకా పోయి, మళ్ళీ నీ చేతుల్లోంచి ఇంటికి. పాపం, ఎంత దూరం తిరగాల్సొచ్చిందో మీ పెదనాన్నగారికి. వెళ్లొస్తానన్నారు, వచ్చారు."

నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు. "అన్నం కలిపి పెట్టవే. ఉప్పు వేసే కలుపు," అన్నారు. ఉప్పు వేసి, పప్పుతో కలిపి ముద్దలు చేసి పెడితే, కంచంలో మెతుకు మిగల్చకుండా తిన్నారు. చేయి కడుక్కుని, అరుగు మీది చెప్పులు లోపలికి తెచ్చారు. కొంగుతో శుభ్రంగా తడి తుడిచి, పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టారు. ఆదివారం ఆదరణ కూడిక పెట్టడానికి పాస్టరుగారిని రమ్మని అమ్మతో చెప్పమన్నారు. అమ్మని కూడా రమ్మన్నారు, ఈసారి గుమ్మంలోంచే.

ఆఖరి బస్సుకి టైమవుతోంది. ఖాళీ డబ్బా తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఎప్పట్లాగే నా వెనకే వచ్చి నిలబడ్డారు. అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"వెళ్లొస్తా..."

ఆవిడ వేళ్ళు నా పెదాల మీద పడ్డాయి. వేళ్ళకి ఇంకా ఉప్పుంది.

"అనకమ్మా," అన్నారు. "ఈ ఇంట్లో ఇక ఆ మాట అనకూడదు. చెప్పకుండా వెళ్ళు తల్లీ."

నేను మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా గుమ్మం దిగాను. వీధి మలుపు తిరిగేదాకా, అంతకాలం రాని ఆవిడ ఏడుపు నా వెనక వినబడుతూనే ఉంది.